తోసినోళ్ళ జాగా

నూరుద్దీన్ మోటారు పొద్దుటిపూట తనంతట తాను కదలదని ఎర్రగుట్టలో పసిపిల్లలకు కూడా తెలుసు. సీతాఫలాల కాలంలో అది రోజు విడిచి రోజు షాద్‌నగర్ స్టేషనుకు పోతుంది. పోయే రోజున తెలతెలవారుతుండగా ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని అతని వాకిటికి వచ్చేవారు. గంపలను వెనక తొట్టిలో సర్ది, పండ్లు నలగకుండా వాటి మీద సీతాఫలపు ఆకే కప్పి, కొంగులు నడుముకు చుట్టుకుని మోటారు వెనక వరసగా నిలబడేవారు.

అది మిల్ట్రీవాళ్ళు వేలంలో అమ్మేసిన పాత పికప్. ముందు ఇద్దరు కూర్చునే జాగా, వెనక పొడవాటి తొట్టి. డ్రైవరు వైపు తలుపు ఎప్పుడో ఊడిపోయింది. ఇంజను నడుస్తున్నంతసేపూ బ్యాటరీలోకి కరెంటు నింపాల్సిన డైనమో వానాకాలం మొదట్లోనే చచ్చిపోయింది. నూరుద్దీన్ షాద్‌నగర్ పోయినప్పుడల్లా బ్యాటరీని చార్జింగుకు పెట్టి తెచ్చుకునేవాడు. ఆ కాస్త కరెంటు ఇంజను మండడానికే సరిపోయేది. కాలితో సెల్ఫు తొక్కి లేపుదామంటే చాలేది కాదు. ముందు నుంచి తిప్పే ఇనుప హ్యాండిల్ ఉండేది కానీ, కిందటేడు అది ఎదురుతన్ని నూరుద్దీన్ మణికట్టు విరగ్గొట్టింది. ఆ రోజే అతని భార్య వజీరా దాన్ని తీసుకుపోయి తలుపు వెనక గడియకర్రగా పెట్టేసుకుంది. ఇక మిగిలింది తోయడమే.

"ఏంరా నూరుద్దీనూ, రాత్రి నీ మోటారు కల్లు తాగిందా? పొద్దెక్కుతున్నా లేస్తలేదు!" అనేది బిక్షమ్మ.

"తాగేది నీ కొడుకు పెద్దమ్మా. మోటారు మీదెందుకేస్తవ్?" అనేవాడు నూరుద్దీన్ స్టీరింగు పట్టుకుని.

బిక్షమ్మ కోడలు అండాలు ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకునేది. ఆమె అందరికంటే కుడిచివర నిలబడేది. వెనక పలక అక్కడ సొట్టపోయి ఉంది. ఆ సొట్టలో ఆమె అరచేయి చక్కగా అమరేది.

"జోర్ లగాకే!" అని బిక్షమ్మ కేక వేసేది.

"హైసా!" అని అందరూ తోసేవారు.

ఇంటి ముందు నుంచి చెరువు తూము దాకా దారి వాలుగా ఉంటుంది. మోటారు మొదట మూలిగేది, తరువాత దొర్లేది, వాలు సగం దిగాక ఒక్క కుదుపుతో మండి, నల్లటి పొగ ముఖాల మీదికి వదిలేది. ఆడవాళ్ళు దగ్గుతూ, తిడుతూ, నవ్వుతూ పరుగెత్తి తొట్టిలోకి ఎక్కేవారు. ఎక్కినందుకు నూరుద్దీన్ ఎన్నడూ కిరాయి అడగలేదు. వాళ్ళూ ఎన్నడూ ఊరికే ఎక్కామనుకోలేదు. తోసినోళ్ళకు జాగా. ఈ మాట ఎవరు ఎప్పుడు అన్నారో ఎవరికీ గుర్తులేదు. అసలు అన్నారో లేదో కూడా తెలియదు.

అండాలుకు ఆ ప్రయాణం ఇష్టం. ఇంట్లో ఆమె గొంతు పక్కగదికి వినిపించదు. బిక్షమ్మ మాట్లాడుతుంటే వేరొకరి మాటకు సందు ఉండదు కూడా. కానీ షాద్‌నగర్ స్టేషన్లో కాచిగూడ పోయే రైలు ఆగగానే అండాలు గంప చంకన పెట్టుకుని కిటికీల వెంట నడుస్తూ "సీతాఫలాలూ, సీతాఫలాల్!" అని కూసేది. ఆ కూత మొదటిసారి విన్నప్పుడు బిక్షమ్మ వెనక్కి తిరిగి, "గా గొంతు ఎవర్దే?" అని అడిగింది. తన కోడలిదేనని నమ్మడానికి ఆమెకు ఆ పూటంతా పట్టింది.

ఊళ్ళో అమ్మాలంటే మారయ్య ఒక్కడే కొనేవాడు. గుట్ట మీది చెట్లన్నీ అతనే గుత్తకు పట్టాడు. ఆడవాళ్ళు తెంపుకునేవి తమ పొలాల గట్ల మీదివి. మారయ్య కొలిచే గంప పైకి అందరి గంపలాగే కనిపిస్తుంది, అడుగు మాత్రం లోతు. నిండిందనుకోగానే అతని మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక్క కుదుపు కుదుపుతాడు. పండ్లు కిందికి దిగి, పైన మళ్ళీ ఖాళీ కనిపిస్తుంది. "ఇంకో నాలుగెయ్యి" అంటాడు. "మారయ్య గంపకు ఆకలెక్కువ" అనేది బిక్షమ్మ, అతను వినేంత దూరంలో లేనప్పుడు.

ఒక రోజు షాద్‌నగర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు దారిలో మసక పడింది. చలికాలం దగ్గర పడుతోంది కదా, పొద్దు తొందరగా గూట్లో పడుతోంది. మోటారు దీపాలు వేస్తే ఉన్న కరెంటంతా అవే తాగేసి ఇంజను ఆగిపోతుంది. అందుకని నూరుద్దీన్ పక్కన బిక్షమ్మ వెలిగించిన కందిలి పట్టుకుని, చేయి బయటికి చాపి కూర్చుంది. మలుపులో ఎదురుగా వేరుశనక్కాయల బస్తాల ఎడ్లబండి వచ్చింది. బండివాడు కందిలిని చూసి ఎవరో నడిచి వస్తున్నారనుకున్నాడు, పక్కకు తప్పుకోలేదు. నూరుద్దీన్ స్టీరింగును ఒక్క తిప్పు తిప్పాడు. మోటారు గట్టు ఎక్కి, పక్కకు ఒరిగి, తుమ్మచెట్టుకు మూరెడు దూరంలో ఆగింది. తొట్టిలో ఖాళీ గంపలూ ఆడవాళ్ళూ ఒకచోట కుప్పపడ్డారు.

దెబ్బలు ఎవరికీ తగల్లేదు. బిక్షమ్మ చేతిలో కందిలి కూడా ఆరలేదు. నూరుద్దీన్ దిగి, తుమ్మచెట్టుకూ మోటారుకూ నడుమ సందులో చేయి పెట్టి చూశాడు.

"గీ డైనమో మార్చకుంటే ఒకనాడు మీ అందరి పానాలు తీస్త," అన్నాడు మెల్లగా.

"తియ్యలే గద. ఎక్కు, పోదాం," అంది బిక్షమ్మ. ఆమె గొంతులోనూ ఎప్పటి జోరు లేదు.

ఊరి మలుపులో అరుగు మీద మారయ్య కూర్చుని ఉన్నాడు. చేయెత్తి మోటారు ఆపించాడు.

"ఏం నూరుద్దీనూ, కందిలి పట్టుకొని పెండ్లిపిల్లను తెస్తున్నవా?"

"డైనమో పోయింది పటేలా. హైదరాబాద్ పోయి పాతదొకటి తెచ్చి ఏసుకుంట."

"ఏస్తే మంచిగ లేస్తదా?"

"సెల్ఫు మీద కాలు పెడితే సాలు, లేస్తది."

మారయ్య చుట్ట బూడిద రాల్చాడు. "అట్లైతే ఏసుకో. ఏసినంక ఫలాల కాలం ఒడిసేదాకా మోటారు నాకే. స్టేషన్ల దింపుడు కాదు, సీదా కాచిగూడ మండి దాకా పోవాలె. మందిని ఎక్కియ్యకు. ఒక్క గంప గూడ."

"గీ ఆడోళ్ళు..."

"ఆళ్ళ ఫలాలు నేను కొంట గద? ఊర్లనే కొంట. ఆళ్ళకు గంత దూరం తిప్పలెందుకు?" మారయ్య తొట్టిలోకి చూడనైనా చూడలేదు. పోతూ పోతూ ఆగి, "ఇల్లు మంచిగున్నదా? కప్పు ఉరుస్తలేదు గద?" అని అడిగాడు.

నూరుద్దీన్ ఇల్లు ఉన్న జాగా మారయ్యది.

"మంచిగనే ఉన్నది పటేలా," అన్నాడు నూరుద్దీన్.

బిక్షమ్మ కందిలి వత్తి తగ్గించి ఊదేసింది. ఇంటికి పోయాక అండాలు ఖాళీ గంపను బోర్లించి, దాని అడుగు మీద అరచేయి ఆనించి కాసేపు కూర్చుంది. తమ గంప అడుగు ఎంత పైకి ఉందో ఆమెకు అంతకుముందు ఎన్నడూ చూడాలనిపించలేదు.

నూరుద్దీన్ హైదరాబాద్ పోయి, పాత సామాన్ల బజారులో వెతికి, గోనెసంచిలో డైనమో కట్టుకుని వచ్చాడు. మరునాడు పొద్దెక్కాక వాకిట్లో పని మొదలుపెట్టాడు. అప్పటికే అండాలు ఇంట్లో తెంపిపెట్టిన పండ్లకు కళ్ళు విచ్చుకుంటున్నాయి. సీతాఫలం మీది కన్నుకూ కన్నుకూ నడుమ గీత తెల్లబడితే ఇక అది ఎవరి కోసమూ ఆగదు. మెత్తబడుతుంది, పగులుతుంది, చీమలు పడతాయి. "మోటారు ఎప్పుడు పోతదో, అసలు మనకు పోతదో పోదో అడిగి రా," అని బిక్షమ్మ కోడలిని పంపింది.

అండాలు పోయేసరికి నూరుద్దీన్ మోటారు మూత ఎత్తి లోపలికి వంగి ఉన్నాడు. వజీరా గడపలో కూర్చుని జొన్నపిండి జల్లిస్తోంది.

"రా వదినే," అంది వజీరా. "మీ అన్న పొద్దుగాల నుంచి దాని కడుపుల తలకాయ పెట్టిండు. తీస్తలేడు."

నూరుద్దీన్ ముందుగా బ్యాటరీ తీగ విప్పాడు. "దీన్ని ఇడిసినంకనే ఏదన్న ముట్టుకోవాలె. లేకుంటే నిప్పు ఎగురుతది," అని తనకు తానే చెప్పుకున్నాడు. డైనమోకు వచ్చే తీగలు రెండు. ఒకటి లావు, ఒకటి సన్నం. తిరిగి బిగించేటప్పుడు పొరపాటు పడకుండా లావుదానికి ఎర్రపేలిక, సన్నదానికి తెల్లపేలిక కట్టాడు. పైనున్న బోల్టు వదులు చేసి డైనమోను ఇంజను వైపు నెట్టి, రబ్బరు పట్టా తప్పించాడు. ఇక కింది బోల్టులు. అక్కడ ఇంజనుకూ చట్రానికీ నడుమ సందు చాలా ఇరుకు. అతని విరిగి అతుక్కున్న మణికట్టు ఆ సందులో వంగలేదు. రెండుమూడు సార్లు ప్రయత్నించి, చేయి బయటికి తీసి ఊదుకున్నాడు.

"చెల్లే, నీ చెయ్యి సన్నగున్నది. జర ఆసరా ఇయ్యి."

అండాలు గాజులను మోచేతి మీదికి తోసి, జారకుండా గుడ్డపేలిక కట్టుకుంది. చేయి సందులోకి పెట్టింది. లోపల జిడ్డు, మట్టి, వెచ్చగా ఏదో ఇనుము. వేళ్ళతో తడుముకుంటూ పోతే బోల్టు తల తగిలింది.

"దొరికిందా? పాన అక్కడ పెట్టి పట్టుకో. నేను కింద నుంచి తిప్పుత. ఇడవకు."

ఆమె విడవలేదు. బోల్టు మొదట కదలలేదు. తరువాత కీచుమంది. తరువాత నూనె తాగిన దానిలా మెత్తగా తిరిగింది. ఆ మెత్తదనం వేళ్ళకు తెలియగానే అండాలుకు తెలియకుండానే సంతోషం కలిగింది. ఆ వెనకే, ఇది ఎవరి కోసం విప్పుతున్నామో గుర్తొచ్చింది.

పాత డైనమో పొత్రమంత బరువుంది. ఇద్దరూ పట్టి గోనెసంచి మీదికి దించారు. తెచ్చిన డైనమోకు ముందు చక్రం లేదు, పాతదాని చక్రమే ఊడదీసి దీనికి వేయాలి. నూరుద్దీన్ చక్రం చుట్టూ పాత పట్టా బిగించి, కాలితో తొక్కిపట్టి, నట్టు విప్పాడు. చెక్కసుత్తితో చక్రం వెనక చుట్టూ తిప్పుతూ మెల్లగా కొట్టాడు. చక్రం కొంచెం కొంచెంగా జరిగి, ఉన్నట్టుండి ఊడి చేతిలోకి వచ్చింది. దానితోపాటు ఏదో చిన్నది టక్కున ఎగిరింది.

"అరె, చాంద్! చాంద్ ఏడ పడ్డది?"

అతను చాంద్ అన్నది చింతగింజ చీలికంత ఇనుపముక్కను. అది సగం చందమామలా ఉంటుంది. ఇరుసుకు ఒక గాడి, చక్రానికి ఒక గాడి. రెంటి నడుమా ఆ ముక్క కూర్చుంటేనే చక్రంతో పాటు ఇరుసు తిరుగుతుంది. లేకపోతే చక్రం వట్టిగా తిరుగుతూనే ఉంటుంది, డైనమో నిద్రపోతూనే ఉంటుంది. పాతదాన్నే మళ్ళీ ఎక్కిద్దామన్నా, కొత్తదాన్ని ఎక్కిద్దామన్నా అది ఉండాల్సిందే.

అది ఎక్కడ పడిందో అండాలు చూసింది. ఆమె కుడికాలికి జానెడు దూరంలో దుమ్ములో పడి ఒక్కసారి మెరిసింది. ఆమె ఆలోచించలేదు. కాలు జరిగింది. మడమ కింద ఆ ముక్క గుచ్చుకుంది.

నూరుద్దీన్ గోనెసంచి దులిపాడు. చక్రం కింద చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా అరచేతులతో తడిమాడు. "వజీరా, గా జల్లెడ ఇటియ్యి," అన్నాడు.

"పిండి జల్లెడల మట్టి పోస్తవా? నీకేమన్న ఉన్నదా!"

"ఇయ్యరాదు. కడిగిస్త."

అతను గొంతుకూర్చుని వాకిటి దుమ్మును గుప్పెడు గుప్పెడు ఎత్తి జల్లెడలో పోసి ఆడించసాగాడు. దుమ్ము సన్నగా కిందికి రాలేది. జల్లెడలో గులకరాళ్ళు, కోడి ఈకలు, పగిలిన గాజుముక్క మిగిలేవి. ఒక్కొక్కటి వేలితో కదిపి చూసి పక్కన పోసి, మళ్ళీ గుప్పెడు ఎత్తేవాడు. కోపం లేదు, తొందర లేదు. మోటారు ముందు నుంచి మొదలుపెట్టాడు. వరసగా వస్తున్నాడు.

అండాలు కదలకుండా నిలబడింది. ఈ ముక్క తన కాలి కిందే ఉండిపోతే మోటారు లేవదు. లేవకపోతే మారయ్యకు పోదు. కానీ అప్పుడు తమకూ పోదు. ఇంట్లో పండ్లు కళ్ళు తెరుస్తున్నాయి, అవి మారయ్య గంపలోకే పోతాయి. ముక్క ఇచ్చేస్తే మోటారు మారయ్యది అవుతుంది, అప్పుడూ పండ్లు మారయ్య గంపలోకే పోతాయి. ఎటు తిరిగినా ఆ లోతు గంపే. అలాంటప్పుడు ఈ మనిషి వట్టిగా దుమ్ము జల్లించడం ఎందుకు? వాన వెలిసిన రోజున, వాలు బురదైతే, అందరినీ దించి తలుపు లేని వైపు నుంచి స్టీరింగు పట్టుకుని తానొక్కడే భుజం పెట్టి తోసిన మనిషి ఇతను.

ఆమె కాలు ఎత్తింది. వంగి ముక్కను తీసి కొంగుతో తుడిచింది.

"ఇగో అన్నా. గీడున్నది."

నూరుద్దీన్ జల్లెడలోంచి తల ఎత్తలేదు. చేయి చాపి తీసుకున్నాడు. "దొరికిందా? మంచిది," అన్నాడు. జల్లెడను మోకాలికి కొట్టి దులిపి వజీరాకు ఇచ్చాడు.

ఆ తరువాత పని చకచకా సాగింది. ముక్కను కిరసనాయిలులో కడిగి గాడిలో కూర్చోబెట్టాడు. చక్రం ఎక్కించి నట్టు బిగించాడు. డైనమోను ఇద్దరూ ఎత్తి చట్రంలో పెట్టారు. అండాలు మళ్ళీ సందులో చేయి పెట్టి బోల్టు పట్టుకుంది. పట్టా ఎక్కించాక నూరుద్దీన్ గడ్డపారతో డైనమోను బయటికి ఎత్తిపట్టి, "పట్టాను బొటనవేలితోని వొత్తి చూడు. బిగుతు ఎక్కువైతే డైనమో నలుగుతది. వదులైతే జారుతది. జరంత కుంగాలె," అన్నాడు. ఆమె ఒత్తింది. కుంగింది. "సాలు," అంది. అతను పై బోల్టు బిగించాడు. ఎర్రపేలిక తీగ దాని చోటికి, తెల్లపేలిక తీగ దాని చోటికి పోయాయి.

చివరగా బ్యాటరీ తీగ బిగించి, అక్కడి నుంచి ఇంకో తీగముక్కను లాగి, ఒక్క క్షణం తాకించి తీశాడు. చిటుక్కున నీలపు నిప్పురవ్వ ఎగిరింది. అండాలు వెనక్కి జరిగింది.

"భయపడకు. కొత్తగ ఎక్కినదానికి కరెంటు ఎటు పోవాల్నో ఒక్కసారి చూపియ్యాలె. కోడెకు సాలు చూపిచ్చినట్టు."

బ్యాటరీ ఇంకా నీరసంగానే ఉంది కాబట్టి వజీరా, అండాలు, దారిన పోతున్న సోమమ్మ కలిసి వాలు మీద తోశారు. ఇంజను మండింది. నూరుద్దీన్ మోటారును తిప్పి తీసుకొచ్చి అండాలును రమ్మని సైగ చేశాడు. స్టీరింగు ముందు గుండ్రటి అద్దంలో ముల్లు ఇన్నాళ్ళూ ఎడమకు వాలి ఉండేది. ఇప్పుడది మెల్లగా లేచి నిటారై, కుడివైపు ఒరిగింది.

"నిండుతున్నది," అన్నాడు నూరుద్దీన్. ముఖమంతా నవ్వు. ఆ నవ్వు చూస్తే అండాలుకు కూడా నవ్వు వచ్చింది. దాచుకోబుద్ధి కాలేదు.

వజీరా చేతుల మీద నీళ్ళు పోసింది. కుంకుడు నురుగుతో రుద్దినా గోళ్ళలో నలుపు పోలేదు.

"ఇగ రోజూ కాచిగూడనట," అంది వజీరా మెల్లగా. "పోతే ఎప్పుడొస్తడో. పటేలు జాగల ఉండి ఒద్దనెట్ల?" చెంబు ఖాళీ అయినా వంచే పట్టుకుంది. "ఒద్దంటె ఇల్లు పోతది. ఊ అంటె మనిషి."

సాయంత్రం దాకా నూరుద్దీన్ మోటారును గుట్ట దారిలో తిప్పి బ్యాటరీ నింపాడు. అండాలు గట్టు మీద గడ్డి కోసుకుని తిరిగివస్తూ చూసింది. అతను మోటారును వాకిటి ముందు పెట్టి దిగుతున్నాడు. ఇకనుంచి దాన్ని ఎలా నిలబెట్టినా ఒకటే. అయినా ముక్కు వాలు వైపే పెట్టి ఉంది. చక్రానికి అడ్డంగా ఎప్పటి రాయే పెట్టి ఉంది. అలవాటు కాబోలు అనుకుని ఆమె ఇంటికి పోయింది.

తెల్లవారేసరికి మారయ్య గంపలు నూరుద్దీన్ గోడ పొడుగునా బారులు తీరి ఉన్నాయి. మారయ్య ఉతికిన ధోవతి కట్టుకుని, తన మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆడవాళ్ళు కూడా వచ్చారు. ఎందుకు వచ్చారని అడిగితే చెప్పలేరు. గంపలు నెత్తిన పెట్టుకునే వచ్చారు, దించకుండా దూరంగా నిలబడ్డారు. బిక్షమ్మ కూడా నోరు మూసుకుని నిలబడింది.

"ఎక్కియ్యమందునా?" అని మారయ్య అడిగాడు.

"ముందుగాల ఇంజను లేపి చూత్తం పటేలా. తర్వాత ఎక్కియ్యుండ్రి," అన్నాడు నూరుద్దీన్.

వజీరా సద్దిమూట తెచ్చి అండాలు చేతికి ఇచ్చింది. "గిది ఆయనకియ్యి వదినే." అండాలు తలుపు లేని వైపు పోయి మూట అందించింది. నూరుద్దీన్ దాన్ని పక్కన పెట్టుకుని తాళం తిప్పాడు. ఎడమకాలితో క్లచ్చి తొక్కాడు. నేలపలక మీద గుండ్రటి సెల్ఫు మీట ఉంది. తొక్కి తొక్కి దాని ఇత్తడి మెరుస్తోంది.

నూరుద్దీన్ కుడికాలు దాని పక్కన, వట్టి రేకు మీద దిగింది. గట్టిగా తొక్కింది. మళ్ళీ ఎత్తి, మళ్ళీ అక్కడే తొక్కింది.

ఏమీ కాలేదు.

అండాలు ఆ కాలిని చూసింది. తల ఎత్తి అతని ముఖం చూసింది. అతను ఎదురుగా రోడ్డు వైపు చూస్తున్నాడు. నుదుటి మీద చెమట మాత్రం నిజమైనదే.

"ఏమైంది?" అన్నాడు మారయ్య.

"లేస్తలేదు పటేలా."

"కొత్త డైనమో ఏసినవంట గద?"

"ఏసిన. ఏం లాభం? ముసలోనికి కట్టుడు పండ్లు పెట్టిస్తే పడుచోడైతడా?"

గడపలోంచి వజీరా అందుకుంది. "నేను చెప్పలేదా? పాత సామాను పాత సామానే. నా మాట ఇంటే గద!"

మారయ్య మోటారు చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాన్ని చెప్పుకాలితో తన్నాడు. "మళ్ళొక్కపారి తొక్కు."

నూరుద్దీన్ మళ్ళీ తొక్కాడు. ఆ రేకు మీదే. అండాలు మూట ఇచ్చేశాక కూడా అక్కడే, అతని కాలికీ మారయ్య చూపుకూ నడుమ నిలబడి ఉంది. ఆమె జరగలేదు.

"తోస్తే లేస్తది పటేలా. మీ మనుషులను జర తోయమనుండ్రి."

"నా మనుషులు ఫలాలు తెంపెతందుకున్నరు. మోటార్లు తోసెతందుకు కాదు. కాచిగూడ నడిబజార్ల ఆగితె ఎవడు తోస్తడు?"

"గదే నాకూ ఫికరైతున్నది. గీ బిక్షమ్మ పెద్దమ్మను గూడ తోల్కపోవాలె."

మారయ్య మనుషుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. మారయ్య అతని వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"నీ మోటారుకు నీకు దండం," అన్నాడు మారయ్య. "జడ్చర్లల లారీ మాట్లాడుకుంట. గంపలెత్తుండ్రి."

"తప్పు నాది కాదు పటేలా. నేను ఊ అనే అన్న. మోటారే కాదన్నది," అన్నాడు నూరుద్దీన్ దిగులుగా.

వాళ్ళు మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు నూరుద్దీన్ తల బయటికి పెట్టి, "ఏం పెద్దమ్మా, గట్లనే చూస్తరా? రైలు మీ కోసం ఆగుతదా?" అన్నాడు.

గంపలు తొట్టిలోకి ఎక్కాయి. కొంగులు నడుములకు బిగిశాయి. బిక్షమ్మ గొంతు సవరించుకుని కేక వేసింది. అండాలు అరచేయి సొట్టలో అమరింది. మోటారు మూలిగి, దొర్లి, వాలు సగం దిగాక మండింది.

షాద్‌నగర్ ముందర రైలు గేటు వేసి ఉంది. నూరుద్దీన్ ఇంజను ఆపేశాడు. ఒక గూడ్సుబండి తీరుబడిగా పోయింది. గేటు లేస్తుండగా ఆడవాళ్ళు నిట్టూర్చి తొట్టిలోంచి దిగబోయారు. అక్కడ వాలు కూడా లేదు.

"కూసోండ్రి," అన్నాడు నూరుద్దీన్.

ఈసారి ఇత్తడి మీట మీదే కాలు పెట్టాడు. ఇంజను ఒక్క తాకుకే గుర్రుమని లేచింది.

దిగబోయినవాళ్ళు మళ్ళీ తొట్టిలో కూలబడ్డారు. ముందుగా బిక్షమ్మకే తెలివి వచ్చింది. వెనక నుంచి రేకు మీద దబదబ బాదింది. "ఓరి నీ ఇల్లు బంగారం గాను! ఎంతకు తెగించినవురా!" ఆమె నవ్వుకు గంపల మీది ఆకు కదిలింది. ఆమె పక్కన కూర్చున్న గోపమ్మకైతే నవ్వీ నవ్వీ వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

స్టేషను దగ్గర గంపలు దించుతున్నప్పుడు నూరుద్దీన్ అండాలు పక్కకు వచ్చాడు.

"నా కాలు ఏడున్నదో చూసినవు గద చెల్లే."

"చూసిన."

"మరి పటేలుకు చెప్పలేదేం?"

అండాలు తన వేళ్ళు చూసుకుంది. గోళ్ళలో నలుపు ఇంకా ఉంది.

"నిన్న నా కాలు ఏడున్నదో నువ్వు చెప్పినవా?"

నూరుద్దీన్ గంప ఎత్తి ఆమె చంకకు అందించాడు.

"తెలిసి మరి గంతసేపు మట్టి ఎందుకు జల్లిచ్చినవన్నా?"

"నీకు కాలు తీసెతందుకు జర టైము గావాలె గద," అన్నాడతను.

రైలు వచ్చింది. ఆమె కూత ఆ రోజు చివరి పెట్టె దాకా వినిపించింది. సాయంత్రం తిరిగివచ్చేటప్పుడు మోటారు రెండు దీపాలూ వెలిగాయి. దారి పొడుగునా తంగేడుపొదలు ఒక్కొక్కటే పచ్చగా లేచి పక్కకు తప్పుకున్నాయి. ఊరి పొలిమేరలో నూరుద్దీన్ దీపాలు ఆర్పేశాడు. బిక్షమ్మ అడగకుండానే కందిలి వెలిగించి చేయి బయటికి చాపింది.

ఆ తరువాత మోటారు పోయే రోజున మారయ్య అక్కడికి కనిపించే తన మేడ మీద పళ్ళు తోముకుంటూ నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళు వెనక పలకకు చేతులు ఆనించారు. సోమమ్మ అప్పుడే నడుము పట్టుకుని "అయ్యో, అవ్వా" అని మూలుగుతోంది. గోపమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. బిక్షమ్మ కేక వేద్దామని నోరు తెరిచింది కానీ నవ్వు అడ్డం పడి మాట రాలేదు. అందరూ ఆగిపోయారు. మేడ మీద మారయ్య ఇటే చూస్తున్నాడు.

కుడిచివర నుంచి, ఊరిలో ఎవరూ ఎన్నడూ వినని గొంతు ఒకటి లేచింది.

"జోర్ లగాకే!"

బిక్షమ్మ ఉలిక్కిపడి కోడలి వైపు చూసింది. తరువాత అందరితోపాటు తానూ అరచేతులు ఆనించింది.

"హైసా!"